గర్వం ఉంది, గర్వంగా ఉంది

పాప వేసిన బొమ్మ చూసి "నిన్ను చూస్తే గర్వంగా ఉందే" అన్నాను. పెన్సిల్ కింద పెట్టి నావంక అదోలా చూసింది. "మొన్న నాకు గర్వం ఎక్కువైందని తిట్టావుగా! మరి నీకుంటే తప్పు లేదా?"

దొరికిపోయాను.

ఆలోచిస్తే నిజమే. "వాడికి గర్వం" అంటే తిట్టు, "వాడంటే మాకు గర్వం" అంటే మెప్పు. మాట తోక మారింది, అంతే. అరిషడ్వర్గాల్లో మదం పేరుతో ఐదో స్థానంలో కూర్చున్నదీ ఇదే, అభినందన సభల్లో "మనందరికీ గర్వకారణం" అని మైకులో మోగేదీ ఇదే. పొగరు, టెక్కు, మిడిసిపాటు, కళ్లు నెత్తికెక్కడం... ఇన్ని మాటలూ ఎదుటివాళ్ల కోసమే దాచిపెట్టుకున్నాం. మన దగ్గరికొచ్చేసరికి అదే సరుకు ఆత్మాభిమానం అయిపోతుంది! (ఒక స్నేహితుడికి నాలుగేళ్లు ఫోన్ చేయలేదు నేను. ఆత్మాభిమానం అనే చెప్పుకున్నాను. అచ్చమైన పొగరు అది.)

పాపకి ఇదంతా చెప్పలేక, "ఇంకొకళ్లని చూసి పడితే మంచిదే, మనల్ని మనం చూసుకుని పడితేనే..." అని నసిగాను.

"ఏం పడితే?"

"గర్వం. గర్వపడటం."

"దెబ్బ తగుల్తుందా?" అని, జవాబు కోసం ఆగకుండా మళ్లీ బొమ్మలో పడిపోయింది.