స్క్రీన్‌షాట్ పంపని ఓటు

అమెరికా దక్షిణాదిలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెండో ఏడాది చదువుతుండగా నేను ఫ్రాటర్నిటీలో, అంటే గ్రీకు అక్షరాల పేరుతో నడిచే మగ విద్యార్థుల సంఘంలో చేరాను. ఏడు నెలలకు బయటికొచ్చాను. ఇంటర్ కాగానే ఇక్కడికి వస్తున్న మన పిల్లలు "చేరమంటావా అన్నా?" అని అడుగుతుంటారు. వాళ్లకు ఫోన్‌లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రష్, అంటే కొత్తవాళ్లను ఎంచుకునే ఘట్టం. వారం రోజులు సాయంత్రం పూట ఒక్కో ఫ్రాటర్నిటీ ఇంటికీ (హౌస్) వెళ్లి అందరితో మాట్లాడాలి. నచ్చితే బిడ్, అంటే చేరమని ఆహ్వానం ఇస్తారు. ఒప్పుకుంటే ప్లెడ్జ్, అంటే పూర్తి సభ్యత్వానికి ముందు దశ. అమ్మకు ఒకటే టెన్షన్. 2017లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో టిమోతీ పియాజా అనే కుర్రాడికి బిడ్ ఒప్పుకున్న రాత్రే విపరీతంగా మద్యం తాగించారు. మెట్ల మీది నుంచి పడి, రెండు రోజులకు చనిపోయాడు. ఆ వార్త ఆమె చదివింది. 1997లో మన దగ్గర ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చేనాటికి నాన్న ఖమ్మంలో లెక్చరర్. "ఏరా, దాచకుండా చెప్పు" అని ప్రతి ఆదివారం అడిగేవాడు. నిజానికి మా హౌస్‌లో అలాంటిదేమీ జరగలేదు. ఎనిమిది వారాలు స్థాపకుల పేర్లు, గ్రీకు అక్షరాలు బట్టీ పట్టాం. లైబ్రరీలో కూర్చున్నాం. అర్ధరాత్రి సీనియర్లను కార్లో దించాం.

చివరి రాత్రి, పూర్తి సభ్యులుగా చేర్చుకునే దీక్ష. అక్కడ ఏం జరిగిందో రాయను. మాట ఇచ్చాను, నిలబెట్టుకుంటాను. ఆ రహస్యం ఎవరికీ హాని చేయలేదు. ఇంటికి దూరంగా ఉన్న నాకు అరవై మంది తోడు దొరికారు. నా బిగ్ బ్రదర్‌గా, అంటే నన్ను చూసుకునే అన్నగా ఉన్న సీనియర్, నాకు జ్వరమొస్తే రెండు రాత్రులు పక్కనే ఉన్నాడు. అతన్ని సొంత అన్నలాగే చూశాను.

మార్చిలో విద్యార్థి ప్రభుత్వ ఎన్నికలు వచ్చాయి. ఒక రాత్రి గ్రూపులో పేర్ల జాబితా వచ్చింది. వీళ్లకే ఓటు వేయాలి, వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపాలి. పంపకపోతే పాయింట్లు పోతాయి. పాయింట్లను బట్టే ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మా హౌస్‌కు వచ్చే సీట్లు పంచుతారు.

విద్యార్థి ప్రభుత్వ సెనేట్‌లో ఒక స్థానానికి నా డార్మ్ (హాస్టల్) స్నేహితురాలు స్వతంత్రంగా పోటీ చేస్తోంది. చలికాలం సెలవుల్లో మెస్‌లన్నీ మూసేస్తే ఊళ్లకు వెళ్లలేని మాలాంటి వాళ్లు ఏం తినాలన్నదే ఆమె ప్రచారం. జాబితాలో ఆమె పేరు లేదు. "దీన్ని ఎవరు తయారు చేశారు?" అని నా బిగ్ బ్రదర్‌ను అడిగాను. "కొన్ని హౌస్‌ల నుంచి ఇద్దరేసి వెళ్లి కూర్చుంటారు. ఎవరని అడగకు" అన్నాడు. ఆ ఇద్దరిలో తనొకడని అతని ముఖం చూస్తేనే తెలిసింది.

ఆ వారమంతా లైబ్రరీలో పాత విషయాలు చదివాను. 1776లో పుట్టిన ఫై బీటా కప్పా అనే విద్యార్థుల సంఘం కూడా మొదట రహస్య సంఘమే. రహస్య సంఘాల మీద దేశమంతా అనుమానం పెరిగిన రోజుల్లో, 1831లో హార్వర్డ్ శాఖ గోప్యతను వదిలేసింది. ఆ మరుసటి ఏడాదే యేల్‌లో స్కల్ అండ్ బోన్స్ అనే రహస్య సంఘం మొదలైంది. 2004లో అధ్యక్ష పదవికి పోటీపడిన బుష్, కెర్రీ ఇద్దరూ అందులో సభ్యులే. కానీ నా కథకు దగ్గరగా ఉన్నది అలబామా విశ్వవిద్యాలయం. అక్కడ ఫ్రాటర్నిటీలు, సొరోరిటీల (అమ్మాయిల సంఘాలు) ఓట్లను 'ది మెషీన్' అనే రహస్య కూటమి దశాబ్దాలుగా నడుపుతోంది. 1993లో దానికి ఎదురు నిలబడిన అభ్యర్థినిపై దాడి జరిగాక విశ్వవిద్యాలయం విద్యార్థి ప్రభుత్వాన్నే రద్దు చేసింది. మళ్లీ 1996లో గానీ తెరవలేదు. 1976లో క్లియో థామస్ అనే నల్లజాతి విద్యార్థి ఆ విద్యార్థి ప్రభుత్వ అధ్యక్షుడిగా గెలిచాక, మరో నల్లజాతి విద్యార్థి అధ్యక్షుడు కావడానికి 2015 దాకా పట్టింది. ఆ లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని, "నేను ఓటు ఎవరికేశానో మీ అమ్మక్కూడా చెప్పనురా. అది చూపించమనడానికి వాళ్లెవరు?" అన్నాడు. నా మనసులో నలుగుతున్నది అప్పుడు స్పష్టమైంది. వాళ్లు తమ పేర్లు దాచుకుంటారు, నా ఓటు మాత్రం బయటపెట్టమంటారు.

నా స్నేహితురాలికే ఓటు వేశాను. స్క్రీన్‌షాట్ పంపలేదు. ఆమె ఓడిపోయింది. నాలుగు రోజులకు నన్ను చాప్టర్ (మా క్యాంపస్ శాఖ) పెద్దల ముందుకు పిలిచారు. గట్టిగా అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. "హౌస్ కోసం ఇంతమాత్రం చేయలేవా?" అన్నారు, అంతే. అరిచినా అంత బాధపడేవాణ్ని కాదేమో.

బయటికి రావడం చేరినంత తేలిక కాదు. దీక్ష తీసుకుంటే సభ్యత్వం జీవితాంతం ఉంటుంది. జాతీయ కార్యాలయానికి రాజీనామా ఉత్తరం రాయాలి, సెమిస్టర్ బకాయి కట్టాలి, సభ్యత్వ గుర్తుగా ఇచ్చిన పిన్ తిరిగివ్వాలి. నేను బకాయి 900 డాలర్లు క్యాంపస్‌లో పనిచేసి రెండు విడతల్లో కట్టాను. రాజీనామా అందిందని జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. చేరాలనుకునే వాళ్లు ఫీజుతో పాటు ఈ నిబంధనలు కూడా ముందే అడిగి తెలుసుకోండి. మీ హౌస్‌లో ఎన్నికల పాయింట్లు ఉన్నాయా అని కూడా సూటిగా అడగండి. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడండి.

మే నెలలో కిరాణా కొట్టులో బిగ్ ఎదురయ్యాడు. చెయ్యి చాచాడు. మాలో మాకే తెలిసిన పద్ధతిలో కాకుండా, మామూలుగానే కలిపాడు. నేనూ అలాగే కలిపాను. "జ్వరాలేం రావడం లేదు కదా?" అని అడిగాడు. లేదన్నాను.