ములుగు దారిలో ఒక చెరువు, ఒక రబ్బరు కప్ప

దసరా వెళ్లిన నాలుగో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు హన్మకొండ నుంచి బయలుదేరాం, నేనూ మా బామ్మర్దీ. వాడు చిన్నప్పుడు వెదురు పుల్లకు తంగూసు కట్టి, గాలానికి ఎర్రలు గుచ్చి వడ్డేపల్లి చెరువు గట్టున గంటలకొద్దీ కూర్చున్నవాడే. కానీ రాడ్డు, రీలు పట్టుకుని ఉత్తుత్తి ఎరతో చేపను పట్టొచ్చంటే మాత్రం వాడికి నమ్మకం లేదు. "రబ్బరు కప్పను చేప ఎట్ల మింగుతది బావా, దానికి తెలవదా?" అని రెండు నెలలుగా అడుగుతున్నాడు. మాటలతో ఒప్పించే సంగతి కాదని, కారెక్కమన్నాను.

గూడెప్పాడ్ క్రాస్ దగ్గర చాయ్ తాగాం. ఇంకా చీకటే, చలి అప్పుడప్పుడే మొదలవుతోంది. అక్కడి నుంచి మల్లంపల్లి దాటి ములుగు చేరేదాకా వాడికి నేను చెప్పిందంతా బాస్ చేప గురించే. ఎందుకంటే ఈ పని నేను నేర్చుకున్నది అమెరికా వాళ్ల బాస్ ఫిషింగ్ వీడియోలు చూసి. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప, మన చెరువుల్లో ఉండదు. అక్కడ దాని మీద ఉన్న పిచ్చి ఎంతంటే, 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే పది కిలోల పైచిలుకు, 77 ఏళ్లు ఒంటరి రికార్డుగా నిలిచింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప వచ్చాకే దానికి జోడీ దొరికింది. "మరి మనకు లేని చేప గురించి మనకెందుకు?" అన్నాడు వాడు. మంచి ప్రశ్నే. బాస్ చెట్టు మొద్దు పక్కనో, ఆకుల కిందో నక్కి, పైనుంచి ఏదైనా కదిలితే ఒక్కసారిగా మీద పడుతుంది. మన కొర్రమీను చేసేదీ అచ్చం అదే. బాస్ కోసం తయారైన రబ్బరు కప్ప మన తామర చెరువులకు అందుకే అంత బాగా సరిపోయింది.

చెరువు పేరు రాయడం లేదు. మత్స్య సహకార సంఘం వాళ్లు రాయొద్దన్నారు, ఆ మాట దాటను. ములుగు దాటాక జంగాలపల్లి వైపు వెళ్తూ లోపలికి తిరిగితే వచ్చే ఒక మామూలు ఊరి చెరువు అనుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: మన దగ్గర చాలా చెరువుల్లో చేపల హక్కు ఊరి సంఘానిది. చేపపిల్లలను పోసుకునేది, కాపలా కాసేది, దాని మీద బతికేది వాళ్లు. నేను వారం ముందే ఫోన్ చేసి అడిగాను, వస్తున్నామని ముందు రోజు మళ్లీ చెప్పాను. అడగకుండా వెళ్లి గట్టున నిలబడితే అది దొంగతనమే. పాకాల లాంటి అభయారణ్యం చెరువుల సంగతి ఇంకా వేరు, అక్కడికి రాడ్డు తీసుకుని అసలు వెళ్లకూడదు.

మేం చేరేసరికి తూర్పున కొంచెం తెలుపు వచ్చింది. ఈ ఏడు వానలకు చెరువు నిండి ఉంది, మత్తడి మీద నుంచి నీళ్లు పలచగా జారుతున్నాయి. మెట్ల దగ్గర బతుకమ్మ పూలు ఇంకా తేలుతూనే ఉన్నాయి, తంగేడు నల్లబడింది, గునుగు మాత్రం రంగు పోయినా కుచ్చులు కుచ్చులుగా నిలిచే ఉంది. శిఖం వైపు మొత్తం తామర, దాని అంచున జమ్ము. చూడగానే నా గుండె వేగం పెరిగింది, ఇన్నేళ్లయినా అది తగ్గలేదు.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తాను. ఏడడుగుల మీడియం హెవీ రాడ్, అంటే కాస్త గట్టిది, 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ లైన్, అంటే పోగులు అల్లిన దారం. తామరలో సన్నని తంగూసుతో పని జరగదు, చేప కాడలకు చుట్టుకుంటే తెగుతుంది. రెండు కప్పలు, నాలుగు రబ్బరు పురుగులు, ఒక పొడుగు ముక్కు పట్టకారు, కళ్లద్దాలు. కళ్లద్దాలు సోకుకు కాదు, అది ఎందుకో కాసేపట్లో మా వాడికి తెలిసింది.

ముడి మాత్రం వాడితో నాలుగుసార్లు వేయించాను. దారాన్ని రెండు పేటలుగా మడిచి ఆ మడతను కప్ప ముక్కు దగ్గరి రింగులోంచి దూర్చాలి, ఆ రెండు పేటలతో ఒక మామూలు ముడి వదులుగా వేయాలి, మిగిలిన ఉంగరంలోంచి కప్పను మొత్తంగా దాటించి, ఉమ్ముతో తడిపి మెల్లగా బిగించాలి. పాలోమర్ ముడి అంటారు దీన్ని. తడపకుండా బిగిస్తే రాపిడికి దారం దెబ్బతిని, పెద్ద చేప పడ్డప్పుడే తెగుతుంది. కప్పను కూడా వాడి చేతిలో పెట్టి నొక్కమన్నాను. లోపల బోలు. రెండు కొక్కేలు వీపు మీదికి తిరిగి ఒంటికి అతుక్కుని ఉంటాయి, అందుకే ఆకుల మీద ఎంత లాగినా చిక్కుకోవు. చేప నోట్లో నలిగి ఒళ్లు అణిగినప్పుడే ఆ మొనలు బయటికి వస్తాయి. వాడు మూడు నాలుగుసార్లు నొక్కి వదిలి, "ఓహో" అన్నాడు.

మొదటి గంట ఏమీ లేదు. వాడు కట్ట మీద నిలబడి ఎంత బలముంటే అంత బలంతో నడి చెరువులోకి విసురుతున్నాడు, కప్ప ఎంత దూరం పోతే అంత సంతోషం. నేనూ పెద్దగా ఆపలేదు, చేయి కుదరాలని. అప్పుడు సంఘం తరఫున కాపలా ఉండే పెద్దమనిషి వచ్చాడు, భుజాన వల, నోట్లో బీడీ. కాసేపు చూశాడు. "గంత దూరం ఎందుకు ఇసురుతున్నవు బిడ్డా? చేప నీ కాళ్ల కాడనే ఉన్నది, నువ్వు వచ్చే చప్పుడుకు జరుగుతున్నది గంతే" అన్నాడు.

నేను రెండేళ్లు వీడియోలు చూసి, ఖాళీ చేతులతో తిరిగి తిరిగి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. ఒడ్డు నుంచి పట్టే మనందరం చేసే తప్పు ఇదే. పడవ మీద ఉన్నవాడు ఒడ్డు వైపు విసురుతాడు, ఒడ్డున ఉన్న మనం నడిమికి విసురుతాం. కొర్రమీనుకు కావాల్సిన కప్పలు, చిన్న చేపలు, నీడ, అన్నీ గట్టు వెంబడే ఉంటాయి. బాస్ పట్టేవాళ్లు కూడా ఒడ్డుకు సమాంతరంగా విసరమని నెత్తీనోరూ కొట్టుకుని చెబుతారు. నీటి అంచుకు నాలుగడుగులు వెనక నిలబడి, ముందు దగ్గరి నీళ్లు, తర్వాత ఒడ్డు వెంబడి కుడి ఎడమలు, ఆఖరున దూరం. సూర్యుడు వీపు వెనక ఉంటే మన నీడ మనకన్నా ముందే నీళ్లలో పడుతుంది, అప్పుడు వేరే పక్క నుంచి రావాలి. బండరాళ్ల మీద బూట్లు టకటకలాడిస్తూ నడవకూడదు, నాచు పట్టిన రాయి మీద అసలు కాలు పెట్టకూడదు.

కట్ట దిగి శిఖం వైపు మెల్లగా నడిచాం. ఒకచోట ఆపి వాడిని చెవులు పెట్టి వినమన్నాను. రెండు నిమిషాలకు జమ్ము పక్కన "గుటుక్" అని చిన్న చప్పుడు, నీటి మీద ఒక వలయం. కొర్రమీను మొప్పలతోనే సరిపెట్టుకోదు, కాసేపటికోసారి పైకి వచ్చి గాలి గుటక వేయాల్సిందే. బాస్ పట్టేవాళ్లకు ఈ అదృష్టం లేదు. మనకు చేప తానుగా వచ్చి ఫలానా చోట ఉన్నానని చెప్పి పోతుంది, వినే ఓపిక ఉంటే చాలు.

ఆ వలయం నెత్తిన వేస్తే బెదిరిపోతుంది. దాన్ని దాటి ఐదారడుగుల అవతల ఆకుల మీద వేయమన్నాను. వాడు వేశాడు. కప్ప ఆకు మీద కూర్చుంది. లాగొద్దు, అలలు పోనీ అన్నాను. తర్వాత రాడ్డు కొనతో చిన్న చిన్న కుదుపులు, కప్ప ఆకు మీంచి ఆకు మీదికి దుముకుతూ వచ్చి రెండు ఆకుల మధ్య చేట వెడల్పు ఖాళీలోకి జారింది. అక్కడ ఆపమన్నాను. ఒకటి, రెండు, మూడు. పక్కన తామర కాడ ఒకటి కదిలింది, గాలి లేదు. నీళ్లు ఒక్కసారి లోపలి నుంచి పేలినట్టు అయ్యాయి. వాడు అరిచి, రెండు చేతులతో రాడ్డును వెనక్కి గుంజాడు, ఆ కప్ప ఖాళీగా నీళ్లలోంచి లేచి రాయిలా నేరుగా మా మొహాల మీదికి వచ్చింది. వాడి చెవి పక్క నుంచి పోయింది. కళ్లద్దాలు ఎందుకో అప్పుడు తెలిసింది.

వాడి చేతులు వణుకుతున్నాయి. "పోయింది బావా, పోయింది." ఇక్కడే చెప్పాల్సింది ఉంది. చప్పుడు వినగానే గుంజకూడదు. చప్పుడంటే చేప కొట్టింది అని మాత్రమే, నోట్లోకి తీసుకుందని కాదు. రాడ్డు కొన దించి, వదులు దారం చుట్టుకుని, బరువు చేతికి తెలిసిన తర్వాత, అప్పుడు నడుము బలంతో పైకి కొట్టాలి. సెకనో రెండు సెకన్లో, కానీ ఆ రెండు సెకన్లు ఆగడం ఈ విద్య మొత్తంలో కష్టమైన పని. ఇంకోటి, తప్పిపోయినా కప్పను అక్కడే ఉంచితే అదే చేప మళ్లీ కొట్టే అవకాశం చాలా ఉంటుంది.

రెండో దెబ్బ అరగంట తర్వాత, తూము దగ్గరి జమ్ము అంచున, ఒడ్డుకు రెండు గజాల్లోపే. ఈసారి వాడు ఆగాడు. నేను పక్కన నిలబడి వాడి పెదవులు "ఒకటి, రెండు" అని కదలడం చూశాను. కొట్టాడు. రాడ్డు సగానికి వంగింది. రీల్ బ్రేకు గట్టిగా బిగించి ఉంది, ఆకుల్లో చేపకు దారం ఇస్తే అంతే సంగతులు, తల పైకి లేపి ఆకుల మీదుగా ఈడ్చుకురావాలి. ఒడ్డుకు వచ్చింది. నల్లటి వీపు, పక్కల ఏటవాలు చారలు, పాము తలలాంటి తల, మేం తెచ్చిన చిన్న త్రాసులో 1 కిలో 200 గ్రాములు. చేతులు తడుపుకుని పట్టుకోమన్నాను, పొడి చేతులతో పడితే దాని ఒంటి జిగురు పోతుంది. పట్టకారుతో కొక్కెం తీశాం. కొక్కేల మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ములుకులు ముందే నొక్కేసి ఉంచాను కాబట్టి తేలిగ్గా వచ్చింది.

చేపను పెద్దమనిషి ముందు పెట్టాం, సంఘం సొత్తు కదా. ఆయన ఇటూ అటూ తిప్పి చూసి, "పొల్లగాడు మొదటిసారి పట్టిండు, ఇడ్సిపెట్టుండ్రి" అన్నాడు. వదిలాం. అది నీళ్లలో ఒక క్షణం అలాగే నిలబడి, తోక ఒక్కసారి ఊపి, బురద లేపి పోయింది. అప్పుడు ఆయన ఒక విషయం చెప్పాడు, ఇది అందరికీ చేరాలని రాస్తున్నాను. వానాకాలంలో నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ముద్దగా తిరుగుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, అప్పుడు వాటి మీద ఏది వేసినా కోపంతో కొడతాయి. పట్టడం చాలా తేలిక. కానీ పెద్ద చేపను తీస్తే ఆ గుంపును మిగతా చేపలు, కొంగలు పూర్తిగా తినేస్తాయి. "ఒక్క చేప కోసం వెయ్యి చేపలు పోతయి" అన్నాడాయన. ఎర్ర గుంపు కనిపిస్తే రాడ్డు దించి పక్కకు నడవండి, దయచేసి.

ఎండ ముదిరాక పైన కొట్టడం ఆగిపోయింది. రబ్బరు పురుగుకు మారాను. కొక్కెం మొనను పురుగు ఒంట్లోనే దాచి, ముందు తూటా ఆకారం సీసం గుండు వేసి, తూము రాళ్ల పక్కన అడుగుకు దించి మెల్లగా కదిలించడం. బాస్‌కు టెక్సాస్ రిగ్ అనేది ఇదే. అది ఒకచోట తామర దుంపకు పట్టుకుంది. తొందరలో బ్రెయిడ్‌ను అరచేతికి చుట్టి గుంజాను, చూపుడు వేలు లోపలి గీత దగ్గర కత్తి పెట్టినట్టు తెగింది. ఎన్నిసార్లు చదివాను, ఎంతమందికి చెప్పాను, అయినా చేశాను. ఒక కర్ర ముక్కకు చుట్టి లాగితే సరిపోయేది. మా వాడు కర్చీఫ్ చింపి కట్టాడు. అక్కడితో రాడ్లు మడిచేశాం.

పెద్దమనిషికి చెప్పి, తిరుగు దారిలో పాలంపేట వెళ్లాం. ఇంత దూరం వచ్చి రామప్ప చూడకుండా పోవడం మనసొప్పలేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. గుడి చూసి చెరువు కట్ట ఎక్కాం. కాకతీయుల కాలం నాటి చెరువు అది, గుట్టల మధ్య కంటికి ఆననంత నీళ్లు. రాడ్లు కారులోనే ఉన్నాయి, ఇక్కడ మేం ఎవరినీ అడగలేదు కాబట్టి అక్కడే ఉంటాయి.

జనం అంతా నడి చెరువు వైపు ఫోన్లు పెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. మా బామ్మర్ది మాత్రం నీటి అంచుకు నాలుగడుగులు వెనక ఆగి, తన నీడ ఎటు పడుతోందో చూసుకుని, ఒడ్డు పక్క గడ్డి వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను ఏదో అనబోతే చేయి ఎత్తి ఆపాడు.

"ఆగు బావా, ఇను."

గడ్డి అంచున చిన్న వలయం విచ్చుకుంటోంది.