కొత్త కెర్నల్ తర్వాత లోగో దగ్గరే ఆగిన బూట్: మూడు సాయంత్రాల లాగ్

సిస్టమ్: డెబియన్ 12 (ఒక లినక్స్), యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే ఏర్పాటు) ఆన్, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్ డీకేఎంఎస్ (డ్రైవర్ మాడ్యూళ్లను కంపైల్ చేసే సాధనం) ద్వారా. బ్యాక్‌పోర్ట్స్ (కొత్త వెర్షన్లు ఇచ్చే డెబియన్ రిపోజిటరీ) నుంచి కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే సిస్టమ్ గుండెకాయ) ఇమేజ్ అప్‌గ్రేడ్ అయింది. రీబూట్ చేస్తే లోగో వస్తుంది, అక్కడితో సరి.

మొదటి సాయంత్రం: ఆగింది ఎక్కడ?

ఇది తేలకుండా ఏ ఫైలూ ముట్టుకోకూడదు. బూట్ ఆగే చోట్లు ముఖ్యంగా మూడు: కెర్నల్ పూర్తిగా లేవకముందు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్కు దొరికేదాకా మెమరీలో నడిచే చిన్న సిస్టమ్) డిస్కు కోసం ఎదురుచూసేటప్పుడు, అంతా లేచాక డిస్‌ప్లే దగ్గర. మూడింటికీ మందులు వేరు.

ముందుగా క్యాప్స్ లాక్ నొక్కి చూడాలి. లైటు మారితే కెర్నల్ బతికే ఉంది. నొక్కకుండానే అది ఆగి ఆగి మెరుస్తుంటే చాలావరకు కెర్నల్ ప్యానిక్. ఇక్కడ నొక్కినప్పుడల్లా మారింది.

తర్వాత గ్రబ్ (కెర్నల్‌ను ఎంచుకునే బూట్ లోడర్) మెనూలో కొత్త కెర్నల్ మీద ఉండగా 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైన్‌లో మెసేజ్‌లను దాచే 'క్వైట్', 'స్ప్లాష్' తీసేసి, ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, కాబట్టి భయం లేదు. (మెనూ కనబడకపోతే పవర్ ఇచ్చిన కాసేపటికి ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే చాలు. పదేపదే నొక్కితే గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతాం.)

మెసేజ్‌లు చివరిదాకా పరుగెత్తాయి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. అంటే మూడో రకం: సిస్టమ్ లేచింది, తెర లేవలేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. తెర మీద చివరగా నిలిచిన లైన్ చాలావరకు దోషి కాదు. అది పని ముగించుకున్నది, దోషి దాని తర్వాత రావలసినది. మొదటి రకం హ్యాంగ్ అయితే అదే గ్రబ్ లైన్ చివర 'ఇనిట్‌కాల్_డీబగ్', 'ఇగ్నోర్_లాగ్‌లెవల్' చేర్చాలి. ఏ ఫంక్షన్‌ను పిలిచాక నిలిచిపోయిందో అప్పుడు కనబడుతుంది.

రెండో సాయంత్రం: మాడ్యూల్ లేదు

లోడ్ అయిన మాడ్యూళ్ల (కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్కల) జాబితా ఇచ్చే 'ఎల్ఎస్‌మాడ్'లో ఎన్విడియా లేదు. చేత్తో లోడ్ చేయబోతే ఆ కెర్నల్ డైరెక్టరీలో మాడ్యూలే లేదన్న జవాబు. 'డీకేఎంఎస్ స్టేటస్'లో పాత కెర్నల్ ఎదురుగా మాత్రమే 'ఇన్‌స్టాల్డ్' అని ఉంది.

కారణం హెడర్లు (మాడ్యూల్ కంపైల్‌కు కావలసిన కెర్నల్ ఫైళ్లు). డీకేఎంఎస్ ప్రతి కెర్నల్‌కూ మాడ్యూల్‌ను విడిగా కంపైల్ చేస్తుంది, దానికి అదే వెర్షన్ హెడర్లు కావాలి. ఇమేజ్ ప్యాకేజీ వాటిని తనతో తెచ్చుకోదు. హెడర్లు లేకపోయినా అప్‌గ్రేడ్ విజయవంతమైనట్టే ముగుస్తుంది. పైగా ఎన్విడియా ప్యాకేజీ నువోను (ఇదే కార్డుకు ఉన్న ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ను) బ్లాక్‌లిస్ట్ చేసి ఉంచుతుంది. అదీ లేక ఇదీ లేక ఎక్స్ సర్వర్ (తెర మీద బొమ్మ గీసేది) చేతులెత్తేసింది.

బ్యాక్‌పోర్ట్స్ నుంచే 'లినక్స్-హెడర్స్-ఏఎండీ64' ఇన్‌స్టాల్ చేయగానే కంపైల్ దానంతటదే మొదలైంది. మొదలవకపోతే 'డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్'కు 'కే' ఆప్షన్‌తో కెర్నల్ వెర్షన్ ఇవ్వాలి. కంపైల్ విఫలమైతే బిల్డ్ డైరెక్టరీలోని 'మేక్.లాగ్'లో మొదటి ఎర్రర్ చదవాలి. ఆ తర్వాతి ఎర్రర్లు చాలావరకు దాని పిల్లలే. ఆ ఎర్రర్ కెర్నల్ ఫంక్షన్ మారిందని చెబితే డ్రైవర్ ఆ కెర్నల్‌కు పాతదన్నమాట. కొత్త డ్రైవర్ అయినా వేయాలి, పాత కెర్నల్‌లోనైనా ఉండాలి.

సెక్యూర్ బూట్ అనుమానం కూడా తీర్చుకోవాలి. పాత కెర్నల్‌లో మాడ్యూల్ లోడ్ అవుతోంది కనుక సంతకం కీ నమోదైనట్టే. నమోదు కాకపోతే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వచ్చేది. దానికి 'మాక్‌యుటిల్'తో కీ ఇంపోర్ట్ చేసి, రీబూట్‌లో వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ చేయాలి.

రీబూట్. లాగిన్ తెర వచ్చింది.

మూడో సాయంత్రం: ఇంకా 30 సెకన్లు

బూట్ అవుతోంది గానీ మొదట్లోనే అరనిమిషం నల్లతెర. పాత కెర్నల్‌తోనూ అంతే, కాబట్టి ఇది అప్‌గ్రేడ్ తప్పు కాదు. 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్'లో ఏమీ దొరకలేదు, దొరకదు కూడా. ఆ ఆలస్యం సిస్టమ్‌డీ (కెర్నల్ తర్వాత సర్వీసులను లేపేది) పుట్టకముందే జరుగుతోంది. ఉత్త 'సిస్టమ్‌డీ-ఎనలైజ్' ఇస్తే కెర్నల్ వాటా 34 సెకన్లు. డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సమయం కూడా అందులోనే కలుస్తుంది.

తెర మీద 'గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్' అన్న లైన్ దొంగను పట్టిచ్చింది. స్వాప్ పార్టిషన్‌ను (హైబర్నేట్‌లో మెమరీని దాచే చోటును) ఒకప్పుడు కొత్తగా ఫార్మాట్ చేయడంతో దాని యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) మారింది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (పార్టిషన్ల జాబితా ఫైల్‌లో) సరిచేశారు గానీ 'ఈటీసీ'లో 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్' కింద 'కాన్ఫ్.డీ'లోని 'రెజ్యూమ్' ఫైల్‌లో పాతదే మిగిలింది. లేని డివైస్ కోసం 30 సెకన్ల నిరీక్షణ. 'బీఎల్‌కేఐడీ' చూపిన యూయూఐడీ అందులో రాసి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్'ను 'యూ', 'కే ఆల్' ఆప్షన్లతో నడిపితే కెర్నల్ వాటా 4 సెకన్లకు దిగింది.

ఆ కమాండ్ నడిపే ముందు 'బూట్' పార్టిషన్‌లో ఖాళీ చూడటం తప్పనిసరి. మధ్యలో చోటు అయిపోతే కొత్త ఇమేజ్ తయారవదు, కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేకుండా పోవచ్చు. పాత కెర్నల్ ఒకటి మాత్రం ఎప్పుడూ ఉంచుకోవాలి. ఈ మరమ్మతుకు అదే నిచ్చెన.

మిగిలిన పని: హైబర్నేట్ చేసి, కొత్త యూయూఐడీతో తిరిగి లేస్తుందో లేదో చూడటం.