డబ్బు మంజూరయ్యాక మొదలయ్యే పని

మెల్‌బోర్న్‌లో నా ఉద్యోగం పేరు ప్లాన్ మేనేజర్. ఆ పేరు విని మా కూర్మన్నపాలెంలో చాలామంది నేను ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతాననుకుంటారు. చేసేది బిల్లుల పని. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంకామ్ అయ్యాక ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర ఓచర్లు సరిచూసేదాన్ని. ఇప్పుడు అక్కడ, వైకల్యం ఉన్నవాళ్ల పేరు మీద వచ్చే బిల్లులు సరిచూస్తున్నాను. ఏ తేదీన ఎవరొచ్చారు, ఎన్ని గంటలున్నారు, ప్రభుత్వం పెట్టిన రేటు దాటారా, అదే బిల్లు రెండోసారి పంపారా అన్నవి చూసి డబ్బు విడుదల చేయించాలి. మనుషుల్ని చూసేది తక్కువే. కానీ ఒక ఇంటి బిల్లులు కొన్నాళ్లు చూస్తే ఆ ఇంట్లో వారం ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది.

వైకల్యం ఉన్నవాళ్ల సాయానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బిచ్చే ఈ పథకాన్ని అక్కడ అందరూ ఎన్‌డీఐఎస్ (నేషనల్ డిజెబిలిటీ ఇన్సూరెన్స్ స్కీమ్) అంటారు. 2013లో చట్టం చేసి, అదే ఏడాది జూలైలో కొన్ని ప్రాంతాల్లో మొదలుపెట్టారు. ఇప్పుడు దేశమంతా ఉంది, ఆరు లక్షల మందికి పైగా అందులో ఉన్నారు. పెన్షన్‌లాగా అందరికీ ఒకే మొత్తం రాదు. ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి ఒక్కో ప్లాన్, ఒక్కో బడ్జెట్. రోజువారీ సాయానికి కొంత, థెరపీలకీ కొత్త పనులు నేర్చుకోవడానికీ కొంత, వీల్‌చైర్ లాంటి పరికరాలకు కొంత. ఒక పద్దులో డబ్బు ఇంకో పద్దుకు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. 65 ఏళ్లు నిండకముందే చేరాలి. పౌరసత్వమో, పర్మనెంట్ రెసిడెన్సీయో ఉండాలి.

ఈ చివరి మాటే విశాఖలో ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తుంది. "అక్కడికెళ్తే బాబుకి అన్నీ ఫ్రీ అట కదక్కా" అని వీసా చేతికి రాగానే ఫోన్ చేసేవాళ్లున్నారు. వర్క్ వీసా మీద ఉన్నంతకాలం ఈ పథకం వర్తించదు. స్పీచ్ థెరపీకి జేబులోంచే పెట్టుకోవాలి. అంతేకాదు, పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకున్నప్పుడు పిల్లవాడి వైకల్యమే అడ్డు రావచ్చు. ఆరోగ్య పరీక్షలో భాగంగా, ఆ మనిషి వల్ల ప్రభుత్వం మీద పడే ఖర్చు ఎంతో కూడా లెక్కేస్తారు. ఇల్లు అమ్ముకుని వెళ్లేముందు ఇది తెలిసుండాలి. ఏజెంట్లు చెప్పరు.

ఈసారి సెలవులో వచ్చినప్పుడు మా పక్కింటి బాబాయ్‌గారు వరండాలో కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు. స్టీల్ ప్లాంటులో రిటైరై, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడ ఫ్లాట్ కొనుక్కున్నారు. వాళ్లమ్మాయి మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటుంది. మనవడికి పందొమ్మిదేళ్లు, ఆటిజం. ప్లాన్ ఉంది.

"ఏమ్మా, గవర్నమెంటు అంత డబ్బిస్తుంటే మా అమ్మాయిని ఉద్యోగం మానేసి పిల్లాణ్ని చూసుకోమనొచ్చు కదా. ఆ జీతమేదో దానికే ఇస్తే పోలా?"

"ఇవ్వరు బాబాయ్‌గారూ. ఇంట్లోవాళ్లకి జీతం కట్టడం మామూలుగా ఒప్పుకోరు."

"పోనీ ఇంటద్దెకి?"

అద్దె, కిరాణా, కరెంటు బిల్లు ఎవరికైనా ఉండే ఖర్చులే కాబట్టి వాటికి కుదరదని చెప్పాను. 2024 అక్టోబరు నుంచి ఏవి కొనొచ్చో, ఏవి కొనకూడదో జాబితాలే పెట్టారు. పిన్నిగారి బాధ వేరు. "ఎవరో పరాయివాడొచ్చి మనవడికి గడ్డం గీస్తాడంటే నాకు మనసొప్పడం లేదే తల్లీ. మన పిల్లాడు మనకి బరువా?"

మనవాళ్ల బిల్లుల్లో నాకు కనిపించేది సరిగ్గా ఇదే. రోజువారీ సాయం పద్దు నిండుగా అలాగే ఉంటుంది. థెరపీ పద్దు మాత్రం ఆర్నెల్లు తిరక్కుండానే ఖాళీ. పరాయి మనిషిని ఇంట్లోకి రానివ్వడం చిన్నతనం, థెరపీ మాత్రం ట్యూషన్ లాంటిది, ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్క. 2025-26లో స్పీచ్ థెరపిస్టు గంట రేటు గరిష్ఠంగా 193.99 డాలర్లు. రోజువారీ పనుల్లో తోడుండే సపోర్ట్ వర్కర్ గంట రేటు మామూలు పనిదినంలో దాదాపు 70. థెరపిస్టు ఇంటికొస్తే దారి ఖర్చు కూడా వేస్తారు. వారానికో థెరపీ గంట తగ్గించుకుంటే పక్కన మనిషి రెండున్నర గంటలకు పైగా ఉంటాడని అనిపిస్తుంది గానీ, పద్దులు వేరు కాబట్టి ఈ మార్పిడి మధ్యలో కుదరదు. ప్లాన్ రాయించుకునే మీటింగులోనే అడగాలి. వాడని డబ్బు ప్లాన్ గడువు దాటితే సాధారణంగా మన చేతిలో ఉండదు. పైగా తర్వాతి ప్లాన్ మాట్లాడేటప్పుడు "వాడలేదు కదా, అవసరం లేదేమో" అన్న ప్రశ్న ఎదురవుతుంది.

ఆ మీటింగుకి మనవాళ్లు తెచ్చే కోరికలు చదివితే నాకు నీరసం వస్తుంది. "మాటలు మెరుగుపడాలి. ఏకాగ్రత పెరగాలి." ఇవి థెరపిస్టు రిపోర్టులోంచి ఎత్తిరాసిన మాటలు. వీటికి ఎదురుగా మళ్లీ థెరపీ గంటలే రాస్తారు. "కాలేజీకి తనంతట తాను రైల్లో వెళ్లాలి", "వారానికోసారి తన అన్నం తాను వండుకోవాలి", "అమ్మానాన్న లేకుండా రెండు రాత్రులు వేరే ఇంట్లో ఉండగలగాలి" అని రాస్తే సంగతి వేరు. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎలాంటి మనిషి కావాలో అందులోంచే తేలుతుంది. దానికి ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే నిపుణులు) రిపోర్టు జతచేస్తే అడిగినదానికి ఆధారం ఉంటుంది.

బాబాయ్‌గారి అమ్మాయి ఇది తొందరగానే పట్టుకుంది. కుర్రాడి పక్కన మొదట వర్కర్ రైల్లో కూర్చునేవాడు. తర్వాత అదే రైల్లో వేరే పెట్టె ఎక్కాడు. ఆపైన దిగే స్టేషన్లో నిలబడి ఎదురుచూశాడు. బిల్లులో గంటలు తగ్గుతూ వచ్చాయి. అలా మిగిలిన గంటలను ఆమె వంటకు మళ్లించింది. సాయంత్రం వర్కరూ వాడూ కలిసి ఇండియన్ స్టోర్‌కి వెళ్లి పెసలు తెస్తారు, నానబోస్తారు, మర్నాడు వాడే అట్టు వేస్తాడు. తాతగారికి వీడియో వస్తుంది. గుండ్రంగా రావట్లేదని ఆయన విమర్శ.

బడ్జెట్ ఎవరి చేతిలో ఉంచుకోవాలన్నది కూడా ఆలోచించుకోవాల్సిన విషయమే. పథకాన్ని నడిపే ప్రభుత్వ ఏజెన్సీయే బడ్జెట్ చూస్తే రిజిస్టరైన సంస్థల నుంచే సేవలు తీసుకోవాలి. మాలాంటి ప్లాన్ మేనేజర్‌ని పెట్టుకుంటే రిజిస్టర్ కానివాళ్లను కూడా పెట్టుకోవచ్చు, అయితే ప్రభుత్వ రేటు పరిమితి దాటడానికి లేదు. మా ఫీజు విడిగా ఇస్తారు, సాయం డబ్బులోంచి కోతపడదు. సొంతంగా నడుపుకుంటే రేటు బేరమాడుకోవచ్చు, తెలుగు వచ్చిన కుర్రాణ్ని వెతుక్కోవచ్చు. కానీ రసీదులు అయిదేళ్లు దాచాలి. మొదటి ఏడాది మాలాంటి వాళ్లకు ఇచ్చి, లెక్క అలవాటయ్యాక కొంత భాగం సొంతంగా చూసుకోవడం మేలని నా అభిప్రాయం. మా ఆఫీసులో ఈ మాట గట్టిగా అననులెండి. 2025 మే నుంచి కొత్త ప్లాన్లలో డబ్బు ఒకేసారి కాకుండా విడతలుగా, ఎక్కువగా మూడు నెలలకోసారి విడుదల చేస్తున్నారు. మొదటి విడతనే ఉదారంగా వాడేస్తే తర్వాతి విడత దాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

మాటల మధ్యలో పిన్నిగారు గాజువాకలో తన చెల్లెలి వరసామె గురించి చెప్పారు. కూతురికి సెరిబ్రల్ పాల్సీ. సదరం సర్టిఫికెట్ మీద ఎన్టీఆర్ భరోసా పెన్షన్ వస్తుంది. 2024లో మూడు వేలున్న దివ్యాంగుల పెన్షన్‌ని 6,000 రూపాయలు చేశారు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. దాన్ని దేనికి ఖర్చుపెట్టారని ఎవరూ అడగరు, బియ్యం కొన్నా తప్పులేదు. ఆమె మాత్రం అందులో కొంత తీసి పక్క వీధి టైలరమ్మకి ఇస్తోందట. మధ్యాహ్నం పూట ఆ పిల్లని తన షాపులో కూర్చోబెట్టుకుని గుండీలు, హుక్కులు వేరుచేయించాలి. అమ్మకి ఆ కాసేపు ఊపిరాడుతుంది, పిల్లకి నలుగురి మాటలు వినబడతాయి. ఏ ప్లానూ, ఏ మీటింగూ లేకుండా ఆవిడ చేసిన ఏర్పాటిది. నా టేబుల్ మీదకొచ్చే ప్లాన్లలో ఇంత తెలివిగా వాడినవి తక్కువ.

బాబాయ్‌గారికి ఇంకో అనుమానం. సంక్రాంతికి మనవడు విశాఖ వస్తే ప్లాన్ ఆగిపోతుందా అని. ఆరు వారాల వరకు ఆగదు. అంతకంటే ఎక్కువ ఉండాలనుకుంటే ముందే అడగాలి. విమానం టికెట్లు మాత్రం అందులోంచి రావు. "టికెట్లు నేను పెడతాలే" అన్నారు.

తర్వాత గుడి సంగతి ఎత్తారు. క్యారమ్ డౌన్స్‌లో శివా విష్ణు ఆలయం ఉంది కదా, ఆదివారాలు ఆ వర్కర్ కుర్రాడే మనవణ్ని తీసుకెళ్తే అమ్మాయికి విశ్రాంతి కదా అని. పడమటి శివార్ల నుంచి అది నగరానికి ఆ చివర. ఆదివారం గంట రేటు మామూలు రోజుకి రెట్టింపుకు దగ్గర, పైన కిలోమీటర్ల ఖర్చు. సగం గంటలు కారులోనే అయిపోతాయి.

"ఆదివారం వద్దంటావు. శనివారమో? వెంకన్న వారం కదా."

"అదీ ఎక్కువే బాబాయ్‌గారూ. మంగళవారమైతే మామూలు రేటు."

"మంగళవారం ఆంజనేయస్వామి వారమే. సరే, మా అమ్మాయితో మంగళవారమని చెప్పు."