కిట్ కొనేముందు తిరగేసి చూడండి: టగ్ బోటు నుంచి సబ్‌మెరైన్ దాకా నా పని లాగ్

తిరుపతిలో రిమోట్ కార్లు, డ్రోన్లు నడిపేవాళ్లు కనిపిస్తుంటారు. నీళ్లలో నడిచే మోడళ్లు కట్టేవాళ్లు మాత్రం తక్కువ. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు ఉంటుందని ఈ లాగ్ రాస్తున్నాను. ఇప్పటికి పని ఎక్కడ ఉందంటే, పెద్ద ఓడలను లాగే టగ్ బోటు మోడల్ ఒకటి పూర్తయి నీళ్లలో తిరుగుతోంది. రివెల్ వాళ్ల 1:72 (అసలు పొడవులో 72వ వంతు) టైప్ సెవెన్-సి అనే జర్మన్ యుద్ధ సబ్‌మెరైన్ (యూ-బోట్) ప్లాస్టిక్ కిట్‌ను రేడియోతో మునిగి తేలే సబ్‌మెరైన్‌గా మారుస్తున్నాను, అది సగంలో ఉంది.

అందరూ మొదట అడిగేది "ఏ కంపెనీ కిట్ మంచిది అన్నా?" అని. కంపెనీ పేరుకన్నా ముందు నీటి గీత కింద ఏముందో చూడమని చెప్తాను. పెట్టె మీద బొమ్మలో కనిపించే ఫిరంగులు, రెయిలింగులు, లైఫ్‌బోట్లు ఎప్పుడైనా అతికించుకోవచ్చు, విరిగినా పడవ నడుస్తుంది. షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ) గొట్టం, చుక్కాని, హల్ (పడవ ఒళ్లు) వెడల్పు, లోపలికి చెయ్యి దూరే మూత మాత్రం అలా కాదు. అవి సరిగ్గా లేకపోతే ఎంత అందమైన పడవైనా షోకేసులోనే ఉండిపోతుంది.

మొదటి పడవ టగ్గే ఎందుకు

యుద్ధనౌకలు చూడ్డానికి బాగుంటాయి గానీ చాలా సన్నం. డిస్ట్రాయర్ పొడవు దాని వెడల్పుకు తొమ్మిది రెట్లు దాకా ఉంటుంది, టగ్‌ది మూడు నాలుగు రెట్లే. ఆ వెడల్పు వల్ల బ్యాటరీ కాస్త అటూ ఇటూ పెట్టినా టగ్ ఒరిగిపోదు. లోపల చెయ్యి పెట్టి పని చేసుకోడానికీ చోటు ఉంటుంది. నాది ఏబీఎస్ ప్లాస్టిక్ హల్ ఉన్న కిట్, పొడవు సుమారు 60 సెంటీమీటర్లు. డెన్మార్క్ బిల్లింగ్ బోట్స్ కిట్లలో ఇలా తయారు హల్ వచ్చేవి చాలా ఉన్నాయి. జర్మనీ ఏరో-నాట్ లేజర్‌తో కోసిన చెక్క కిట్లకు పేరున్నది. అమెరికా డ్యూమస్ కిట్లలో చట్రం కట్టి చెక్క తొడిగే పని ఎక్కువ, ఓపిక ఉన్నవాళ్లకు చాలా నేర్పుతుంది. ఏది తీసుకున్నా ఆ పెట్టెలో మోటారు, రేడియో, బ్యాటరీ, జిగురు, రంగులు సాధారణంగా ఉండవు. కొన్నిటిలో డెక్ మీద బిగించే ఫిట్టింగులు కూడా వేరే ప్యాకెట్టుగా అమ్ముతారు. పైనుంచి కొరియర్, కస్టమ్స్ సుంకం. అందుకని కిట్ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేసుకోవద్దు.

విదేశీ కిట్ భారమనుకుంటే స్ప్రింగర్ టగ్ అని ఒకటుంది. హల్ పొడవు 18 అంగుళాలు, వెడల్పు 8 అంగుళాలు, అన్నీ తిన్నని గీతలే. ప్లాన్ తేలిగ్గా దొరుకుతుంది, ఒక ప్లైవుడ్ ముక్కతో అయిపోతుంది. బడి పిల్లలకు నేను ముందు దీన్నే చెప్తాను.

కిట్ చేతికొచ్చాక చూసేవి

షాఫ్టు బయటికి తీసి అద్దం పలక మీద దొర్లించండి. తిన్నగా ఉంటే చప్పుడు లేకుండా జారుకుంటూ పోతుంది. వంకర ఉంటే టకటకమని ఎగురుతుంది, కింద నుంచి వెలుతురు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. తర్వాత దాన్ని ఇత్తడి గొట్టంలో పెట్టి వేళ్లతో తిప్పండి. రెండు చివర్లా బుష్ (షాఫ్టు ఆనుకుని తిరిగే రింగు) ఉండాలి, పక్కలకు ఊగకూడదు, అలాగని పట్టేయనూ కూడదు. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ గొట్టంలో నింపే గ్రీజే కాబట్టి, గ్రీజు ఎక్కించడానికి పైన చిన్న గొట్టం ఉంటే అది మంచి కిట్టని అప్పుడే తెలిసిపోతుంది.

చెక్క భాగాల అంచు చూడండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, పొడి అదిమినట్టు ఒకే రంగులో ఉంటే ఎండీఎఫ్. ఎండీఎఫ్ తడి తగిలితే ఉబ్బిపోతుంది, డెక్ కింద అది వద్దే వద్దు. సొంతంగా ప్లైవుడ్ కొనేవాళ్లు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. త్రీడీ ప్రింట్ హల్‌లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. పీఎల్‌ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్‌తో చేసిందయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో మన దగ్గర ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి పుట్టడం కష్టమేం కాదు. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ అయితే కొంత నయం.

ఇక మూత. నా స్నేహితుడొకరు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కిట్‌లో డెక్ మూత ఎంత ఇరుకంటే, బ్యాటరీ లోపలికి పోవాలంటే డెక్ కోయాల్సి వచ్చింది. మూత ఎంత పెద్దదో ప్లాన్‌లో కొలిచి, మీరు వాడబోయే బ్యాటరీ అందులోంచి దిగుతుందో లేదో ముందే చూసుకోండి. ప్లాన్ చూపించని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

కరెంటు సామాను

ఈ సామాను ఎంపిక తొందరగానే అయిపోయింది. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రేడియో, 540 సైజు బ్రష్డ్ మోటారు, రివర్స్ ఉన్న స్పీడ్ కంట్రోలర్, చుక్కానిని తిప్పడానికి లోహపు పళ్ల సర్వో (చిన్న మోటారు). టగ్‌లో ఎమర్జెన్సీ లైట్లకు వాడే 6 వోల్టుల 4.5 ఆంపియర్-అవర్ బ్యాటరీ పెట్టాను. ముప్పావు కిలో దాకా బరువుంటుంది, అడుగున బరువు ఎలాగూ కావాలి కాబట్టి రెండు పనులూ అయిపోయాయి. మిగిలిన బరువుకు టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్ సీసం ముక్కలు తెచ్చి అడుగున అతికించాను. మోటారు రెండు కొసల మధ్య 104 అని రాసుండే సిరామిక్ కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేయడం మరవొద్దు, లేకపోతే మోటారు రొద రిసీవర్‌ను ఇబ్బంది పెడుతుంది. ఇవన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, పొద్దున బస్సెక్కితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు.

తొట్టిలో పెట్టి చేసిన పరీక్ష: పడవ అంచును వేలితో నొక్కి బాగా వంచి వదలాలి. వెంటనే లేచి నిలబడితే సరే. బద్ధకంగా లేస్తే బరువు పైన ఎక్కువైందన్నమాట. టగ్ మొదటిసారే లేచి నిలబడింది, ఆ రోజు నా ఆనందం చెప్పలేను.

సబ్‌మెరైన్: లెక్కలు ముందు

అసలు టైప్ సెవెన్-సి పొడవు 67.1 మీటర్లు, 1:72లో 93 సెంటీమీటర్లు. నీటి మీద ఉన్నప్పుడు దాని బరువు 769 టన్నులు, మునిగినప్పుడు 871 టన్నులు. బరువు స్కేలుకు ఘనంగా తగ్గుతుంది కాబట్టి 72ను మూడుసార్లు గుణించి భాగిస్తే 2.06 కిలోలు, 2.33 కిలోలు వస్తాయి. తేడా సుమారు 270 గ్రాములు. అంటే బలాస్ట్ ట్యాంకు (మునగడానికి నీళ్లు నింపుకునే ట్యాంకు) పెట్టాలంటే కనీసం 270 మిల్లీలీటర్ల నీళ్లు పట్టాలి. ఏ సబ్‌మెరైన్ కిట్ కొన్నా ముందు ఈ లెక్క వేసి ట్యాంకు సైజుతో పోల్చి చూడండి. వేగం స్కేలు వర్గమూలంతో తగ్గుతుంది. 17.7 నాట్ల పడవ మోడల్‌లో గంటకు 4 కిలోమీటర్ల లోపే, మనిషి నడక వేగం. అందుకే పెద్ద మోటారు అక్కర్లేదు.

మునిగే పద్ధతులు రెండు. ట్యాంకులోకి నీళ్లు తీసుకుని నిలబడ్డచోటే మునిగేది స్టాటిక్. జర్మనీ ఎంగెల్ వాళ్ల పిస్టన్ ట్యాంకులు దీనికి పేరుపడ్డవి, ధరా అలాగే ఉంటుంది. ట్యాంకు లేకుండా, ముందుకు పోతూ అడ్డ రెక్కలు వంచి నీళ్లలోకి దిగేది డైనమిక్. కొత్తవాళ్లకు డైనమిక్కే మంచిదని నా గట్టి అభిప్రాయం. అది ఎప్పుడూ కాస్త తేలేలా ఉంటుంది కాబట్టి మోటారు ఆగినా, బ్యాటరీ అయిపోయినా తనంతట తాను పైకొస్తుంది. నిండిన ట్యాంకు మొరాయిస్తే స్టాటిక్ పడవ అడుగునే కూర్చుంటుంది. నాది డైనమిక్.

రేడియో విషయం చాలామందికి తెలియదు. మనం వాడే 2.4 గిగాహెర్ట్జ్ నీళ్లలో కొన్ని అంగుళాలకే ఆగిపోతుంది. అందుకే సబ్‌మెరైన్లకు యూరప్‌లో 40 మెగాహెర్ట్జ్, అమెరికాలో 75 మెగాహెర్ట్జ్ సెట్లు వాడతారు. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకునే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఒకటి 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా. విదేశీ కిట్‌తో రేడియో కలిపి ఇస్తామంటే ఏ ఫ్రీక్వెన్సీయో అడిగి తీసుకోండి. నేను 2.4తోనే, యాంటెన్నాను పెరిస్కోప్ గొట్టంలోంచి పైకి తీసి, పెరిస్కోప్ నీటి పైన ఉండే లోతులోనే నడపాలని నిర్ణయించుకున్నా. సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టాను. ఆగిందంటే పైకొస్తుంది.

సిలిండర్ పని

ఎలక్ట్రానిక్స్ అంతా ఒక అక్రిలిక్ గొట్టంలో ఉంటుంది. రెండు వైపులా ఓ-రింగులు (నీళ్లు ఆపే రబ్బరు రింగులు) తొడిగిన మూత బిళ్లలు. అక్రిలిక్ ఎందుకంటే ఒక్క చుక్క లోపలికొచ్చినా కంటికి కనిపిస్తుంది. ఓ-రింగుల కోసం నేను బోరు మోటార్లు బాగుచేసే షాపుకు వెళ్లాను. వందల అడుగుల లోతులో మోటారును పొడిగా ఉంచే పని తెలిసినవాళ్లు మన జిల్లాలో వీధికొకరున్నారు. మెకానిక్ అన్న నా బిళ్లను వెలుతురుకు పెట్టి, గాడిలో గోరుతో చుట్టూ గీసుకుంటూ చూశాడు. "రింగు బిగువు కాదు సామీ, గాడి నున్నగా ఉండాల. గోరు ఎక్కడ ఆగితే నీళ్లు ఆడే దూరతాయి" అన్నాడు. రెండుచోట్ల ఆగింది. అక్కడ సన్నటి వాటర్ పేపర్ తడిపి రుద్దాక సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగించాను. అక్రిలిక్‌కు మామూలు బండి గ్రీజు వాడొద్దు.

బిళ్లను లోపలికి నెట్టినప్పుడు గొట్టంలో గాలి ఇరుక్కుని దాన్ని బయటికి తోస్తుంది. ఎండలో ఆ గాలి ఇంకా వ్యాకోచిస్తుంది. అందుకని బిళ్లలో చిన్న గాలి స్క్రూ ఉండాలి, దాన్ని అన్నిటికన్నా చివర బిగించాలి. సిలిండర్ కొనేటప్పుడు ఈ స్క్రూ ఉందా అని అడగండి. బిగించాక లోపల టిష్యూ కాగితం పరిచి, పంక్చర్ షాపులో ట్యూబు ముంచినట్టు బక్కెట్‌లో ముంచి, పైన ఇటుక పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దునకు కాగితం పొడిగానే ఉంది.

ఎక్కడ నడపాలి

టగ్‌కు ఊరి చెరువు చాలు, తూడు, నాచు లేని పక్క చూసుకుంటే సరి. చిత్తూరు వైపు ఉన్నవాళ్లకు కట్టమంచి చెరువు ఉంది. సబ్‌మెరైన్‌కు తేటనీళ్లు కావాలి, కంటికి కనిపించకపోతే నడపలేం. దేవాలయ పుష్కరిణులు, తాగునీటి కోసం ఉన్న కళ్యాణి డ్యామ్ లాంటివి ఇందుకు కావు. పాకాల దగ్గర మా మామ మామిడి తోపులో డ్రిప్ కోసం కట్టించిన సిమెంటు తొట్టి ఉంది, బోరు నీళ్లు అడుగు దాకా కనిపిస్తాయి. "చేపలు పెంచరా అంటే ఇనప చేప తెచ్చినావే" అని మామ నవ్వినా, మోటారు ఆపి నీళ్లు నిలకడగా ఉంచి పెడతాడు.

బరువు సరిచూసే పని అక్కడే సాగుతోంది. అడుగున సీసం, డెక్ కింద ఫోమ్ ముక్కలు పెట్టి, కానింగ్ టవర్ (డెక్ మీద లేచి ఉండే గోపురం) పైభాగం మాత్రమే బయటికి కనిపించేలా చేయాలి. ఇక్కడ ఎండ లెక్కలోకి వస్తుంది. నీరు 25 నుంచి 35 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత 0.3 శాతం తగ్గుతుంది, 2.33 కిలోల పడవకు అది 7 గ్రాముల తేడా. పొద్దున సరిగ్గా తేలిన పడవ మధ్యాహ్నం ఇంకాస్త కిందికి దిగుతుంది. అందుకే తేలే బలం 25 గ్రాములకు తగ్గకుండా ఉంచుతున్నా, నీటి థర్మామీటరు పనిముట్ల పెట్టెలోనే ఉంటుంది. సముద్రపు నీళ్లలో ఇదే పడవకు దాదాపు 58 గ్రాములు అదనంగా కావాలి. పైగా ఉప్పునీళ్లలోకి రేడియో దాదాపు దిగదు, కాబట్టి ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

మిగిలిన పని: వెనక రెక్కలను తనే కదిలిస్తూ పడవను తిన్నగా పట్టి ఉంచే పిచ్ కంట్రోలర్ బోర్డు బిగించాలి, తర్వాత తొట్టిలో మోటారుతో మొదటి డైవ్. అప్పటిదాకా పడవ మునిగిపోతే వెతుక్కోడానికి డెక్‌కు నైలాన్ దారం, దాని కొసన కార్కు ముక్క కట్టే ఉంటాయి. ఆ తర్వాతి పడవ ఏదో కూడా అనుకున్నాను. వైజాగ్ బీచ్‌లో మనమంతా ఎక్కి చూసిన ఐఎన్ఎస్ కుర్సురా పొడవు 91.3 మీటర్లు. 1:100లో కడితే 91 సెంటీమీటర్లు, ఇప్పుడున్న సిలిండర్‌నే అందులోకి మార్చుకునేలా కొలతలు వేస్తున్నాను.