అట్లాస్ మాత్, మాంటా రే

పెద్ద అక్వేరియం అద్దం ముందు నిలబడి మాంటా రేని చూస్తుంటే, అంతకుముందు ఒకసారి దగ్గరగా చూసిన అట్లాస్ మాతే గుర్తొచ్చింది. మాత్ అంటే సీతాకోకచిలుకలాంటి రెక్కల పురుగు, మాంటా ఏమో టేకు చేపల జాతి. చుట్టరికం ఏమీ లేదు. రెక్కలు చాచిన తీరు మాత్రం ఒకేలా అనిపించింది. కొలతల్లో పోలికే లేదనుకోండి: మాత్ రెక్కల వెడల్పు మహా అయితే 25 సెంటీమీటర్లు, మాంటాల్లో పెద్ద జాతిది 7 మీటర్ల దాకా.

నన్ను పట్టేసింది తిండి సంగతి. మాంటా నోరు బార్లా తెరిచి ఈదుతూ, తల ముందున్న రెండు మడతల్ని విప్పి నీటిని లోపలికి మళ్లిస్తుంది. మొప్పల దగ్గరి జల్లెడలో ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే చిన్న చిన్న జీవులు, ఆగిపోతుంది. మాత్‌కి అసలు తినడానికి పనికొచ్చే నోరే ఉండదు! గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఆకులు మేసి దాచుకున్న కొవ్వే పెట్టుబడి. అది కరిగిపోయేలోపు, అంటే వారం పది రోజుల్లో, జతకట్టి గుడ్లు పెట్టేయాలి. ఆడదాని వాసన పట్టడానికి మగదానికి ఈకల్లాంటి మీసాలు. ఎంత టెన్షన్ బతుకో! మాంటా 40 ఏళ్ల దాకా బతుకుతుంది. కానీ ఏడాదికి పైగా మోసి కనేది సాధారణంగా ఒక్క పిల్లనే. అందుకే వలల్లో పోయినవాటి లోటు అంత తొందరగా తీరదు.

మాత్ రెక్కల కొసల్లో పాము తల కనిపిస్తుందని అందరూ మురిసిపోతారు. నాకు మాత్రం రెక్కల మధ్య పొలుసుల్లేని త్రికోణపు కిటికీలే నచ్చాయి, అద్దంలా అవతలిది కనిపిస్తుంది. మాంటా పొట్ట మీది మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవట. పరిశోధకులు ఫొటోల్లో ఆ మచ్చలు చూసే ఏది ఏదో చెప్పేస్తారు. నా కంటికి మాత్రం అన్నీ ఒకటే!