ఆగస్టు మారథాన్‌కి కాళ్ళు కాపాడుకోవడం

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో. ట్రైనింగ్ మండుటెండల్లో మొదలై ముసురులో ముగుస్తుంది. ఆయాసం వల్ల మానేసినవాళ్ళు తక్కువ. కాలు పట్టేసో, మడమ నొప్పెట్టో మధ్యలో వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ముందు దారిలో వచ్చే ఫ్లైఓవర్ల సంగతి. అందరూ ఎక్కడానికి భయపడతారు గానీ, మోకాళ్ళను తినేది దిగుడు. అక్కడ సమయం కలిసొస్తుందని పెద్ద పెద్ద అంగలు వేయకండి. చిన్న అడుగులు, గబగబా.

మోకాలి కింద ఎముక లోపలి అంచు నొప్పిగా ఉంటే బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. మూడు నాలుగు అంగుళాల మేర సలుపుతుంటే అది ఒక్కసారిగా దూరం పెంచిన ఫలితం. రెండు వారాలు దూరం సగానికి తగ్గించి, సిమెంటు రోడ్డు వదిలి మట్టిదారి పట్టండి. అలా కాకుండా రూపాయి బిళ్ళంత చోటే చురుక్కుమంటూ, ఒంటికాలిపై గెంతితే ప్రాణం పోతోందంటే పరుగు ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. అలాంటిది మొదటి వారాల్లో ఎక్స్‌రేలో తరచూ కనిపించదు, ఎమ్మారైలో తెలుస్తుంది. ఎక్స్‌రే బాగుందని మళ్ళీ రోడ్డెక్కితే అది పూర్తిగా విరగొచ్చు.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటొస్తే లోపం అరికాలి పట్టీది, అంటే మడమ నుంచి వేళ్ళ దాకా అరికాల్లో ఉండే గట్టి నారది. దిగకముందే కాలివేళ్ళను చేత్తో వెనక్కి లాగి పది అంకెలు లెక్కపెట్టండి, అలా పదిసార్లు. తర్వాత మెట్టు అంచున, వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని మడమ లేపడం: మూడు సెకన్లలో పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో కిందికి. పన్నెండేసి చొప్పున, రోజు విడిచి రోజు. గ్రానైట్ గచ్చు మీద వట్టికాళ్ళతో తిరగడం దీనికి పగ. ఇంట్లో చెప్పులేంటని పెద్దవాళ్ళు కసురుకుంటారు. ఇంటికని ఓ కొత్త జత కొని పెట్టుకోండి.

తడిసిన బూట్ల లోపలి అట్టలు తీసి, న్యూస్‌పేపర్ కుక్కి, గంటకోసారి మార్చండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. తొడలు, చంకలు ఒరుసుకోకుండా వాసెలిన్. నూలు సాక్సులు వద్దు, నానితే బొబ్బలే.

పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగిందంటే నీళ్ళు అతిగా తాగారు, అది ఇంకా ప్రమాదం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకే. సగం సీసాలో మొత్తం ఒంపేయకండి. లాంగ్ రన్‌కి ముందు నొప్పి బిళ్ళ అసలే వద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద పడుతుంది.

తెల్లవారుజామున కుక్క వెంటపడితే ఆగి, మెల్లగా నడవండి. పంటి గాటు పడితే, గీరుకుపోయినా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే వేస్తారు.